చేయి పట్టి లాగవద్దు: సంధిబంధాల రక్షణ

సంధి అనగానే నావంటి వ్యాకరణం పంతులుకు సవర్ణదీర్ఘమూ గుణమూ వృద్ధీ తలపునకు వస్తాయి. రెండు అక్షరాలు కలిసే చోటు సంధి. దేహంలో రెండు అస్థులు కలిసే చోటు కూడ సంధియే. తెలుగులో దానినే కీలు అంటాము. పలక మీద సంధిని విడదీసి మళ్లీ కలపడం విద్యార్థికి అభ్యాసం. దేహంలోని సంధి ఒకమారు విడిపోతే దానిని యథాస్థానంలో కూర్చడం నేర్చినవారికే సాధ్యం. కూర్చిన పిమ్మట అది మునుపటి దార్ఢ్యంతో నిలుస్తుందన్న నిశ్చయమూ లేదు. క్షేత్రయాత్రలో మెట్ల మీద, దర్శనపు వరుసలో, పుష్కరిణి అంచున, ప్రయాణపు వాహనంలో ఈ సంధులు తొలగే సందర్భాలు అనేకం. వాటిలో చాలావాటిని ఏ మందూ లేకుండ, కేవలం తెలిసి మసలుకోవడం చేతనే తప్పించవచ్చును. అందుకే ఈ మాసం శ్లోకవ్యాఖ్యను పక్కన పెట్టి ఈ విషయం వ్రాస్తున్నాను. నేను వైద్యుడను కాను. సుశ్రుతసంహితను గురుముఖంగా కొంత చదివాను; తక్కినది ఎముకల వైద్యులను అడిగి తెలుసుకొన్నాను.

సుశ్రుతాచార్యులు నిదానస్థానంలో భగ్నాలను రెండుగా విభజించారు. ఎముక విరిగితే కాండభగ్నం, కీలు వద్ద తొలగితే సంధిముక్తం. సంధిముక్తంలో మళ్లీ ఆరు భేదాలు చెప్పారు: ఉత్పిష్టం, విశ్లిష్టం, వివర్తితం, అవక్షిప్తం, అతిక్షిప్తం, తిర్యక్‌క్షిప్తం. కీలు నలిగిందా, సడలిందా, పక్కకు తిరిగిందా, కిందికి జారిందా అన్నదానిని బట్టి ఈ పేర్లు. కారణాలు చెప్పేటప్పుడు పడడం, నొక్కుకొనిపోవడం, దెబ్బ తగలడం, క్రూరమృగాలు కరవడం అనే వాటితో పాటు ఆక్షేపణం అనే కారణాన్ని కూడ లెక్కించారు. ఈనాటి తెలుగులో ఆక్షేపణ అంటే అభ్యంతరం చెప్పడం. శాస్త్రంలో ఆ మాటకు విసరడం, కుదిలించి లాగడం అని అర్థం. సంస్కృతపదం తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకోవడం వింత కాదు. అయితే ఈ ఒక్క మాట పాత అర్థాన్ని మనం మరచినందువల్ల కష్టం పసిపిల్లలకు కలుగుతున్నదని నాకు అనిపిస్తుంది.

కీళ్ల నిర్మాణం గురించి రెండు మాటలు చెప్పి పిల్లల విషయానికి వస్తాను. శారీరస్థానంలో ఆచార్యులు సంధులు 210 అని చెప్పి, ఆకారాన్ని బట్టి వాటిని ఎనిమిది తెగలు చేశారు. భుజాన్నీ తుంటినీ ఉలూఖలం అనే తెగలో చేర్చారు. ఉలూఖలం అంటే రోలు. ఈ ఉపమానం ఎంత పొసగినదో ఈనాటి శరీరశాస్త్రంతో పోల్చి చూస్తే తెలుస్తుంది. తుంటి వద్ద రోలు లోతైనది. తొడ ఎముక తల అందులో గట్టిగా కూర్చొని ఉంటుంది, పెద్ద దెబ్బ తగిలితే గాని తొలగదు. భుజం వద్ద రోలుకు లోతు లేదు. భుజాస్థి శిరస్సు బంతి వంటిది అయితే, దానిని మోసే గుంట ఆ బంతిలో మూడో వంతును మించి పట్టదు. ప్రమిదలో నిలిపిన నిమ్మపండు వంటిదన్నమాట. చుట్టూ స్నాయువులూ కండరాలూ పట్టి ఉంచబట్టే నిలుస్తున్నది. చేయి అన్ని దిక్కులకూ తిరగాలంటే అలాగే ఉండాలి మరి. ఈ స్వేచ్ఛకు మూల్యంగానే పెద్దవారిలో పెద్ద కీళ్లు తొలగే ఘటనలలో దాదాపు సగం భుజం వద్దనే జరుగుతాయి.

పిల్లలలో కథ వేరు. ఒక ఏడాది మొదలు నాలుగేళ్ల దాకా వయసున్న పిల్లలకు తరచుగా తొలగేది మోచేయి. ముంజేతిలో రెండు ఎముకలు ఉన్నాయి. బొటనవేలి వైపు ఉన్నదానిని మన పాఠ్యపుస్తకాలలో రత్ని అనీ, చిటికెనవేలి వైపు ఉన్నదానిని అరత్ని అనీ వ్రాస్తున్నారు. (అమరసింహుని నిఘంటువులో ఇవి ఎముకల పేర్లు కావు, కొలతలు. మోచేతి నుంచి బిగించిన పిడికిలి దాకా రత్ని, చిటికెనవేలు చాచి కొలిస్తే అరత్ని. పరిభాష కల్పించినవారు తెలివిగానే కల్పించారు.) రత్ని పైకొనను ఉంగరం వంటి ఒక స్నాయువు చుట్టి మోచేతి వద్ద నిలిపి ఉంచుతుంది. పసితనంలో ఆ ఉంగరం ఇంకా పలుచన, పట్టు తక్కువ. మోచేయి చాచి ఉండగా, అరచేయి కిందికి తిరిగి ఉండగా, మణికట్టు పట్టి పైకి చివుక్కున లాగామా, ఎముక కొన ఆ ఉంగరంలో నుంచి కొద్దిగా జారుతుంది. ఉంగరం అంచు కీలు సందులో ఇరుక్కుంటుంది. ఇంగ్లీషు వైద్యంలో దీనికి దాదుల పేరు పెట్టారు, పిల్లలను చేయి పట్టి నడిపించేవారు వారే కనుక. ఎడమచేతికి ఇది కొంత ఎక్కువగా జరుగుతుందని వైద్యులు చెబుతారు. పెద్దలు తమ కుడిచేతితో పిల్లవాని ఎడమచేతిని పట్టుకొంటారు గదా!

ఇప్పుడు మన మెట్ల దారులను తలచుకోండి. అలిపిరి నుంచి తిరుమల కొండకు 3,550 మెట్లు. చిన్న కొండల మీది ఆలయాలకైనా వందల మెట్లు ఉంటాయి. మూడేళ్ల పిల్లవానికి ఒక్కొక్క మెట్టు మోకాలి దాకా వస్తుంది. తల్లి ఒక వైపు, తండ్రి ఒక వైపు చేతులు పట్టుకొని, మెట్టుకొకమారు పిల్లవానిని గాలిలోకి లేపి పై మెట్టు మీద దించుతూ ఎక్కుతారు. పిల్లవానికి అది ఆట, నవ్వుతూనే ఉంటాడు. ప్రతి మెట్టుకూ దేహభారమంతా ఆ రెండు మోచేతుల మీద వేలాడుతున్నది. వరుస ఒక్కసారిగా కదిలినప్పుడు వెనుకబడ్డ బిడ్డను గుంజడం, అలిగి నేల మీద కూర్చున్నవానిని ఒంటిచేత లేపడం, కాలు జారబోతే చేయి అందుకొని పైకి ఎత్తడం, కోనేటిలో మునిగి లేచే బిడ్డను మణికట్టు పట్టి ఒడ్డుకు లాగడం, ఇవన్నీ ఆ కోవలోనివే. ఇంటి వద్ద ఇరుకైన చేతుల కొత్త చొక్కా తొడిగేటప్పుడు చేయి పట్టి లాగినా ఇది జరగవచ్చును.

తప్పించుకొనే మార్గం కష్టమైనది కాదు. బిడ్డను ఎత్తవలసి వస్తే రెండు చేతులూ వాని చంకల కింద వేసి మొండెంతో సహా ఎత్తాలి. మెట్టు ఎత్తుగా ఉంటే వానిని చంకన వేసుకొని ఎక్కాలి, లేదా వాడే చేతులూ మోకాళ్లూ ఆనించి ఎక్కేదాకా పక్కన నిలబడాలి. స్వామివారు ఎంతసేపైనా ఉంటారు. రద్దీలో బిడ్డను నడిపించడం కంటె ఎత్తుకోవడం మేలు. భుజాల మీద ఎక్కించుకొని ఉత్సవమూర్తిని చూపేటప్పుడు చేతులను కాక కాళ్లను పట్టుకోవాలి. చేతులు పట్టి గిరగిర తిప్పే ఆటను తాతలు కూడ మానుకోవాలి. మామూలుగా నడిచేటప్పుడు చేయి పట్టుకోవడంలో దోషం లేదు. మనం పిల్లవాని నడకకు నడవాలే గాని వాడు మన నడకకు రావాలని లాగకూడదు.

జరిగిందని తెలిసేదెలా? బిడ్డ ఒక్క కేక వేసి ఏడుస్తాడు. కొంతసేపటికి ఏడుపు తగ్గుతుంది గాని ఆ చేయి మాత్రం ఎత్తడు. కొద్దిగా వంచి, దేహానికి ఆనించి, అరచేయి లోపలికి తిప్పి ఊరక ఉంచుకొంటాడు. ఆటవస్తువు చూపితే రెండవ చేయి చాస్తాడు. వాపు ఉండదు. అందుచేత పెద్దలు దిష్టి తగిలిందనో, అలిగాడనో, చేయి బెణికిందనో అనుకొని ఊరకుంటారు. తెలిసిన వైద్యుని వద్దకు తీసుకొనిపోతే ముంజేతిని ఒక పద్ధతిగా తిప్పి క్షణంలో సరిచేస్తారు. చాలామంది పిల్లలు కొన్ని నిమిషాలలోనే ఆ చేతితో మళ్లీ ఆడుకొంటారు. ఒకమారు తొలగిన బిడ్డకు మళ్లీ తొలగే అవకాశం ఉన్నది. ఆ ఇంటిలో అమ్మమ్మకు, నాయనమ్మకు, బడికి తీసుకొనిపోయేవారికి అందరికీ ఈ సంగతి చెప్పి ఉంచాలి. అయిదేళ్లు దాటిన పిమ్మట ఆ ఉంగరం గట్టిపడి ఈ ఉపద్రవం అరుదవుతుంది.

ఇంతగా వ్రాశాను కదా అని ఎవరూ ఇంటిలో ఈ తిప్పుడు ప్రయోగం చేయవద్దు. బిడ్డ పడిపోయి మోచేయి వాచి ఉంటే అది ఈ తొలగింపు కాకపోవచ్చును. పెరిగే వయసులో ఎముకల చివరలు స్నాయువుల కంటె బలహీనం కనుక, పెద్దవారికి కీలు తొలగే చోట పిల్లలకు ఎముక చిట్లుతుంది. చిట్లిన మోచేతిని లాగి తిప్పితే అక్కడి నుంచి పోయే రక్తనాళం, నాడి దెబ్బతింటాయి. అప్పుడు ఎక్స్‌రే తీసిన పిమ్మటే ఎవరైనా చేయి వేయాలి.

చంటిబిడ్డల తుంటి సంగతి కూడ చెప్పాలి. కొందరు శిశువులకు పుట్టుకతోనే తుంటి గుంట లోతు తక్కువగా ఉండి ఎముక జారుతూ ఉంటుంది. ఎదురుకాళ్లతో పుట్టిన బిడ్డలలో, ఆడపిల్లలలో, ఆ వంశంలో ముందే ఎవరికైనా ఉన్నచోట ఇది ఎక్కువ. కాళ్లు రెండూ నిటారుగా చాచి బిగుతుగా గుడ్డ చుట్టితే ఈ దోషం పెరుగుతుంది. చుట్టవలసి వస్తే నడుము పైభాగం వరకు చుట్టి, కాళ్లు మడుచుకొని ఎడంగా కదలడానికి చోటు విడవాలి. ఇక్కడ మన పెద్దల అలవాటు ఒకటి మెచ్చదగినది. బిడ్డను చంకన వేసుకొంటే కాళ్లు రెండూ ఎడంగా తుంటికి ఇరువైపులా ఉంటాయి. తొడ ఎముక తల గుంటలో చక్కగా కూర్చొనే భంగిమ అదే. అలా ఎత్తుకొనే దేశాలలో ఈ దోషం తక్కువ అని వైద్యులు అంటారు. లాలపోసేటప్పుడు కాళ్లూ చేతులూ మెలిపెట్టి లాగే అలవాటు మాత్రం నాకు సమ్మతం కాదు. నూనె పట్టించండి, మృదువుగా రాయండి, కీళ్లు గుంజవద్దు. తొడల ముడతలు రెండు వైపులా సమంగా లేకున్నా, ఒక కాలు సరిగా ఎడం కాకున్నా, నడక వచ్చాక కుంటుతున్నా పిల్లల వైద్యునికి చూపాలి.

ఇక పెద్దవారు. భుజం ఎక్కువగా ముందువైపుకే తొలగుతుంది. చేయి పైకి ఎత్తి, పక్కకు చాచి, వెనుకకు తిరిగి ఉన్న స్థితిలో దెబ్బ గాని లాగుడు గాని తగిలితే రోలులోని నిమ్మపండు జారుతుంది. కదిలే బస్సు కడ్డీని పరుగెత్తి పట్టుకోవడంలో సరిగ్గా ఈ స్థితి ఏర్పడుతుంది. కృష్ణాష్టమి నాడు ఉట్టి కొట్టే యువకులు జారి పడబోతూ ఒంటిచేత వేలాడితే అదే స్థితి. తడిసిన రాతిబండల మీద జారి, చేయి చాచి నేలకు ఆనించి పడే వృద్ధులకూ అంతే. స్నానం చేసి తడిబట్టలు కాళ్లకు చుట్టుకొని ఉండగా మెట్లెక్కకుండ, ముందు వాటిని పిండి కట్టుకొని, కమ్మీ పట్టుకొని ఎక్కాలి. సత్రంలో రాత్రి లేచేవారు దీపం వేసుకొనే అడుగు వేయాలి. ఇల్లు కాదు గదా, గడప ఎక్కడ ఉన్నదో కాళ్లకు తెలియదు. రథం తాడును అరచేతులతో పట్టుకోవాలే గాని మణికట్టుకో వేళ్లకో చుట్టుకోరాదు. రథం కుదుపుకు వేలి కీళ్లు మొదట తొలగుతాయి.

ఒకమారు భుజం తొలగిన యువకునికి మళ్లీ మళ్లీ తొలగే అవకాశం చాల ఎక్కువ. ఇరవై ఏళ్లలోపు వారికి మరీ. నలభై దాటినవారికి మళ్లీ తొలగడం తక్కువ గాని కండరాల మొదళ్లు తెగి ఉండవచ్చును. కీలు కూర్చిన కొన్ని వారాలకు కూడ చేయి పైకి లేవకపోతే ఆ మాట వైద్యునికి తప్పక చెప్పాలి. వైద్యుడు చెప్పినన్ని రోజులు జోలె కట్టుకొని, పిమ్మట భుజకండరాలకు నేర్పిన వ్యాయామాన్ని విడవకుండ చేయాలి. ఇటువంటివారు పొర్లుదండాల మొక్కు విషయంలో జాగ్రత్తపడాలి. తలపైకి రెండు చేతులూ చాచి జోడించి పొర్లేటప్పుడు భుజం సరిగ్గా తొలగే స్థితిలోనే ఉంటుంది, పైగా దేహభారమంతా దాని మీదుగా దొర్లుతుంది. వారు పాదప్రదక్షిణ చేస్తే మొక్కు తీరదా అని అడిగినవారున్నారు. తీరుతుంది. పూజ మొదట చెప్పే సంకల్పంలో యథాశక్తి అనే మాటను ఊరక చేర్చలేదు.

మూర్ఛరోగం ఉన్నవారికి మరొక మాట. మూర్ఛ వచ్చినప్పుడు కండరాలు బిగుసుకొనే బలానికే భుజం వెనుకకు తొలగవచ్చును. ఉపవాసమని మందు మానివేయడం, శివరాత్రికి జాగరమని నిద్ర మానడం, రెండూ మూర్ఛను పిలిచేవే. మందు నీళ్లతో వేసుకొంటే ఉపవాసం చెడదు. జాగరం వారికి విధి కాదు.

తుంటి తొలగడానికి పెద్ద దెబ్బ కావాలని పైన అన్నాను. కారు ప్రమాదంలో ఆ దెబ్బ తగులుతుంది. ముందు సీటులో కూర్చున్నవాని మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకొంటే ఆ తాకిడి తొడ ఎముక వెంట పోయి తుంటిని గుంటలో నుంచి వెనుకకు నెడుతుంది. సీటుబెల్టు పెట్టుకోవాలి. కాళ్లు చాపుకోవడానికి డ్యాష్‌బోర్డు మీద పెట్టడం, బిడ్డను ఒడిలో పెట్టుకొని ముందు సీటులో కూర్చోవడం, ఈ రెండూ నేను యాత్రికుల వాహనాలలో తరచు చూస్తున్నాను. తుంటి తొలగితే ఆరు గంటలలోగా కూర్చాలని వైద్యులు తొందరపడతారు. ఆలస్యమైతే ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడే ప్రమాదం పెరుగుతుంది.

ఈ మధ్య కృత్రిమమైన తుంటికీలు వేయించుకొన్న భక్తులు ఎక్కువగా కనబడుతున్నారు. కొత్త కీలు చుట్టూ కండరాలు కుదురుకొనేదాకా, ముఖ్యంగా మొదటి కొన్ని వారాలు, అది తొలగే భయం ఉంటుంది. తొడను పొట్టవైపుకు లంబకోణం దాటి వంచడం, కాలు మీద కాలు వేయడం, పాదాన్ని లోపలికి మెలితిప్పడం చాలామందికి నిషేధం. శస్త్రచికిత్స ఏ వైపు నుంచి చేశారు అన్నదానిని బట్టి ఈ నియమాలు మారుతాయి గనుక చేసినవారినే అడగాలి. మన వ్రతాలన్నీ నేల మీద పద్మాసనంతో మొదలవుతాయి. నమస్కారం అంటే సాష్టాంగమే అని పట్టుబట్టే పెద్దలున్నారు. పీట మీద కాక ఎత్తయిన కుర్చీలో కూర్చొని వ్రతం చేసుకోవచ్చునా అని అడిగితే నా సమాధానం ఒకటే. శాస్త్రంలో సాష్టాంగంతో పాటు పంచాంగ నమస్కారం ఉన్నది, నిలబడి చేతులు జోడించే అంజలి ఉన్నది, కదలలేనివానికి మానసపూజ ఉన్నది. వీటిలో ఒకటి తక్కువదని తలచి తుంటి తొలగించుకొనడం శాస్త్రం తెలియకపోవడమే. పురోహితులకు కూడ నా విన్నపం: యజమాని కుర్చీలో కూర్చొంటానంటే ముఖం చిట్లించవద్దు.

పళ్లు పోయిన వృద్ధులకు పెద్దగా ఆవలించినప్పుడు దవడ కీలు తొలగి నోరు మూతపడకుండ నిలిచిపోవడం ఒకటి ఉన్నది. ఒకమారు అలా అయినవారు ఆవలింత వచ్చినప్పుడు గడ్డం కింద పిడికిలి ఆనించి ఉంచుకొంటే చాలు. ఆవలింతకు చిటిక వేసే మన ఆచారానికీ దీనికీ సంబంధం కల్పించబోను.

ఇంత జాగ్రత్తపడినా కీలు తొలగితే ఏమి చేయాలి? కదిలించలేకపోవడం, తీవ్రమైన నొప్పి, తాకితే ఓర్వలేకపోవడం అని సుశ్రుతులు చెప్పిన లక్షణాలు నేటికీ అవే. ఆకారం మారి గుంటో గుబ్బో కనబడుతుంది. సుశ్రుతులు సంధిని లాగి, నొక్కి, కూర్చి, కట్టు కట్టే క్రమం చెప్పారు. మోదుగ, రావి, మేడి, మర్రి పట్టలను, వెదురును బద్దలుగా వాడమన్నారు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు అరుదు. ఆ విద్యల మీద నాకు గౌరవమున్నది. అయినా ఎముక విరగలేదని ఎక్స్‌రేలో చూడకుండ ఎవరు లాగినా ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను. గుంపులో ఎవరో ఒకరు నాకు వచ్చునంటూ ముందుకు వస్తారు. వారికి నమస్కారం పెట్టి పంపండి.

ఉన్న చేతిని ఉన్న స్థితిలోనే ఉంచి, ఉత్తరీయంతో గాని కండువాతో గాని మెడకు జోలె వేయాలి. తుంటి అయితే కదిలించకుండ పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. గాజులు, కంకణాలు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయాలి. మంచుముక్కలను గుడ్డలో చుట్టి పెట్టవచ్చును; నూనె మర్దన, వేడికాపడం కూడదు. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా ఆ మాట వైద్యునికి ముందుగా చెప్పాలి. కీలు కూర్చడానికి మత్తుమందు ఇవ్వవలసి రావచ్చును గనుక వైద్యుడు చూసేదాకా ఏమీ తినిపించరాదు. బాధపడుతున్నవారి నోటిలో తీర్థమో ప్రసాదమో వేయాలని పక్కవారికి తోస్తుంది. ఆ ప్రసాదాన్ని పొట్లం కట్టి వెంట పంపండి, చికిత్స అయి వైద్యుడు తినవచ్చునన్నాక స్వీకరిస్తారు.